శిలాజిత్తు: అసలుదా నకిలీదా అన్నది సగం ప్రశ్నే

శిలాజిత్తు గురించి ఎక్కడ మాట మొదలైనా రెండు నిమిషాల్లో ఒకే ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగుతుంది: ఇది ఒరిజినలేనా? చిటికెడు తీసి మంట మీద పెట్టి చూపిస్తారు, గ్లాసు నీళ్లలో వేసి చూపిస్తారు, మండలేదు కాబట్టి అసలుదే, కరిగింది కాబట్టి అసలుదే అని తేల్చేస్తారు. నిజానికి కొండ మీద నుంచి నేరుగా తెచ్చిన అసలు సిసలు శిలాజిత్తు కూడా ఒంటికి హాని చేయగలదు. అందుకే ఆయుర్వేద గ్రంథాలు దాన్ని శోధన, అంటే శుద్ధి, చేశాకే వాడమన్నాయి. ఇవాళ్టి మార్కెట్లో ఆ శోధన అనే పని గురించే ఎవరూ మాట్లాడటం లేదు, పైగా "రా", "ప్యూర్", "చెయ్యి పడనిది" అన్న మాటలే ఎక్కువ ధర పలుకుతున్నాయి. వందల ఏళ్లుగా లోపంగా చూసిన పచ్చి స్థితినే ఇప్పుడు గొప్పగా అమ్ముతున్నారన్నమాట. ఇది చిన్న విషయం కాదు.

ముందు ఈ పదార్థం ఏమిటో చూద్దాం. హిమాలయాల్లో, కారకోరం, అల్తాయ్, కాకసస్ పర్వతాల్లో సుమారు 1000 నుంచి 5000 మీటర్ల ఎత్తు మధ్య, వేసవిలో రాళ్లు బాగా కాగినప్పుడు వాటి పగుళ్లలోంచి నల్లగానో ముదురు గోధుమ రంగులోనో ఒక జిగురు బయటికి ఊరుతుంది. జ్యేష్ఠ, ఆషాఢ మాసాల ఎండకు కొండలు కాగి లక్కలాంటి రసాన్ని కారుస్తాయని సుశ్రుత సంహిత వర్ణించింది ఇదే. చల్లబడితే గట్టిపడి పెళుసుగా విరుగుతుంది, వేడి తగిలితే మెత్తబడి సాగుతుంది, గోమూత్రం వాసన వేస్తుంది, రుచి చేదు. చాలామంది దీన్ని గుగ్గులు, సాంబ్రాణి కోవలో వేస్తారు గానీ అవి చెట్టుకు గాటు పడితే కారే బంకలు, నీళ్లలో పూర్తిగా కరగవు. శిలాజిత్తు నీళ్లలో కరుగుతుంది, స్పిరిట్‌లో సరిగా కరగదు. అమ్మేవాళ్లు "రెసిన్" అన్నా సరే, రసాయనికంగా దీని దారి వేరు.

ఇది ఎలా పుడుతుందన్న దాని మీద పాతవాళ్లకీ ఇప్పటివాళ్లకీ వేర్వేరు లెక్కలున్నాయి. కొండల్లోని లోహాలు ఎండకు కాగి స్రవిస్తాయని చరకుడు భావించి బంగారం, వెండి, రాగి, ఇనుము అని నాలుగు రకాలు చెప్పాడు, వాటిలో ఇనుప శిలాజిత్తే శ్రేష్ఠమన్నాడు. సుశ్రుతుడు వాటికి తగరం, సీసం కలిపి ఆరు చేశాడు. ఆ సీసం మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాం. ఆధునిక రసాయన శాస్త్రం చూసినప్పుడు మాత్రం ఇందులో ఎక్కువ భాగం, సుమారు 60 నుంచి 80 శాతం దాకా, హ్యూమిక్ పదార్థాలని తేలింది. అంటే మొక్కలు కుళ్లి, సూక్ష్మజీవుల చేతిలో విడిపోయి, మళ్లీ కొత్తగా ముడిపడి, ఇక అంత తేలిగ్గా కుళ్లని స్థితికి చేరిన నల్లటి సేంద్రియ పదార్థం. బనారస్ హిందూ యూనివర్సిటీ పరిశోధకులు 1970ల నుంచి దీని రసాయన కూర్పు మీద చాలా పని చేశారు. ఆ ప్రాంతాల్లో పెరిగే జెముడు జాతి మొక్క యుఫోర్బియా రాయ్‌లియానా, రాళ్లను అంటుకుని పెరిగే నాచు మొక్కలు, లివర్‌వర్ట్‌లు దీనికి మూలమన్న వాదన అక్కడి నుంచే బలపడింది. కాబట్టి చరకుడి వర్గీకరణను అక్షరాలా తీసుకుని "గోల్డ్ శిలాజిత్" అని అమ్మితే అందులో కొండ బంగారం ఉంటుందని అనుకోనక్కర్లేదు. డబ్బా మీద ఉన్న గోల్డ్ అన్న మాటకు అర్థం చాలాసార్లు స్వర్ణ భస్మమో కుంకుమపువ్వో కలిపారని, కొన్నిసార్లు ఏ అర్థమూ ఉండదు.

చరక సంహిత చికిత్సా స్థానం మొదటి అధ్యాయంలో, రసాయనాల గురించి చెప్పే చోట, శిలాజతువు గొప్పతనం గురించి ఒక శ్లోకం ఉంది. ప్రకటనల్లో, వీడియోల్లో అందరూ వల్లించేది అదే: దీనికి లొంగని రోగం భూమ్మీద లేదని. శ్లోకం అంతా చదివితే రెండు షరతులు కనిపిస్తాయి. ఒకటి, అది "సాధ్యరూపమైన" రోగం అయి ఉండాలి, అంటే వైద్యానికి లొంగే దశలో ఉన్నది. రెండోది, సరైన కాలంలో, సరైన కలయికతో, విధి ప్రకారం వాడాలి. ఈ రెండూ తీసేసి మిగిలిన ముక్కను పోస్టర్ మీద వేస్తున్నారు. అదే చోట పథ్యం కూడా ఉంది. ఒంట్లో మంట పుట్టించే పదార్థాలు, అరగని బరువైన తిండి వద్దని, ఉలవలు అసలే ముట్టొద్దని చెప్పాడు, ఉలవలు రాయిని చీల్చే గుణం గలవి కాబట్టి రాతిలో పుట్టిన మందుకు విరుద్ధమని కారణం కూడా ఇచ్చాడు. ఆ కారణాన్ని ఈ రోజు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, అది ఎంత జాగ్రత్తగా, ఎంత కట్టుదిట్టంగా వాడిన మందో అర్థమవుతుంది.

మోతాదు సంగతి ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. చరకుడు చెప్పిన మూడు మోతాదులు ఒక పలం, అర పలం, ఒక కర్షం. పలం అంటే సుమారు 48 గ్రాములు, కర్షం సుమారు 12 గ్రాములు. ఈనాటి క్లినికల్ అధ్యయనాల్లో వాడింది రోజుకు 200 నుంచి 500 మిల్లీగ్రాములు. అంటే గ్రంథంలోని అతి చిన్న మోతాదు కూడా ఇప్పటి మోతాదుకు పాతిక రెట్లో అంతకంటే ఎక్కువో. "శాస్త్రంలో ఇంతే చెప్పారు" అని ఎవరైనా సొంతంగా మోతాదు పెంచుకుంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఆ మోతాదులు వైద్యుడి కనుసన్నల్లో, పాలతో, పథ్యంతో, ఒకటి, మూడు, ఏడు వారాలన్న గడువు పెట్టుకుని వాడినవి. ఏళ్ల తరబడి రోజూ పొద్దున్నే వేడినీళ్లలో కలుపుకుని తాగడం అన్న ఇప్పటి అలవాటు అక్కడ లేదు.

ఇక శోధన. కొండ నుంచి వచ్చే ముడి సరుకులో రాతి పొడి, ఇసుక, మట్టి, ఆకులు, జంతువుల విసర్జన, ఫంగస్, అన్నీ ఉంటాయి. దాన్ని దంచి, వేడినీళ్లలో గానీ త్రిఫల కషాయంలో గానీ నానబెట్టి, బాగా కలియబెట్టి, మడ్డి అడుక్కి దిగేదాకా వదిలేసి, పైతేటను వడగడతారు. ఆ తేటను వెడల్పాటి పాత్రల్లో పోసి ఎండలో పెడితే పైన మీగడలా నల్లటి పొర కడుతుంది. దాన్ని తీసి వేరే పాత్రలో వేస్తారు, కింద మిగిలిన దానికి మళ్లీ వేడినీళ్లు పోస్తారు, మళ్లీ పొర కట్టేదాకా ఆగుతారు, పొర కట్టడం ఆగిపోయేవరకూ ఇదే పని. ఇలా తయారైనదే సూర్యతాపి. ఎండకు బదులు పొయ్యి మీద మరిగించి చిక్కబెట్టింది అగ్నితాపి. సూర్యతాపికి రోజులు, వారాలు పడతాయి, దుమ్ము పడకుండా చూడాలి, మబ్బు పడితే పని ఆగుతుంది, అందుకే ఖరీదు. అగ్నితాపి త్వరగా అయిపోతుంది గానీ మంట ఎక్కువైతే మాడుతుంది. ఈ తేడా తెలిసిన వైద్యులు ఎక్కడి సరుకు అని అడిగే ముందు ఎలా శోధించారని అడుగుతారు. చరకుడైతే శోధించిన దాన్ని కూడా రోగానికి తగ్గ కషాయాల్లో నానబెట్టి ఎండబెట్టే "భావన" అనే పనిని మళ్లీ మళ్లీ చేయమన్నాడు. ఇంత పని ఉన్న మందును "కొండ మీద నుంచి నేరుగా మీ ఇంటికి" అని అమ్ముతున్నారంటే ఆ మధ్య జరగాల్సింది ఏం జరిగిందో అమ్మేవాళ్లే చెప్పాలి.

ఇంట్లో చేసే పరీక్షల్లో అన్నీ కొత్తవేం కాదు. నిప్పు మీద వేస్తే పొగ లేకుండా లింగాకారంలో పైకి ఉబ్బాలి, నీళ్లలో వేస్తే కరగాలి అని రసరత్న సముచ్చయం అనే పాత ఆయుర్వేద గ్రంథం చెప్పింది. ఆ కాలానికి అది మంచి పరీక్షే. అప్పట్లో కల్తీ అంటే మట్టి, బెల్లం, ఏదో చెట్టు బంక. బంక మండి పొగ వస్తుంది, బెల్లం కాగి పాకం వాసన వేస్తుంది, మట్టి అడుక్కి దిగిపోతుంది. ఇప్పటి కల్తీ అలాంటిది కాదు. తక్కువ రకం బొగ్గు, లిగ్నైట్, పీట్ లాంటి వాటిలోంచి క్షారంతో హ్యూమిక్ పదార్థాలను తీయడం పరిశ్రమల్లో రోజూ జరిగే పని. మన రైతులకు హ్యూమిక్ యాసిడ్ కొత్తేమీ కాదు, వేళ్లు బాగా సాగడానికని పొలంలో వేసే నల్లటి ద్రావణమో, మెరిసే పలుకులో అవే. వాటినే శుభ్రం చేసి చిక్కబెడితే నల్లగా ఉంటుంది, నీళ్లలో కరుగుతుంది, మంట పెడితే భగ్గున అంటుకోదు. అంటే నిప్పు పరీక్ష, నీళ్ల పరీక్ష రెండూ పాసవుతుంది, ఎందుకంటే రసాయనికంగా అది శిలాజిత్తుకు దగ్గరి చుట్టం. ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడటం, చేతిలో నలిపితే మెత్తబడటం అన్న పరీక్షకైతే చిక్కటి మొలాసిస్ (చెరకు మడ్డి) కూడా నిలబడుతుంది. కాబట్టి లైటర్ పెట్టి చూపించే వీడియో వల్ల తేలేది దాదాపు ఏమీ లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, సీసం, పాదరసం, ఆర్సెనిక్ ఉన్నాయో లేదో ఏ మంటా ఏ నీళ్లూ చెప్పలేవు.

డబ్బాల మీద పెద్ద అక్షరాలతో కనిపించే ఇంకో సంఖ్య ఫుల్విక్ యాసిడ్ శాతం. 60 అంటారు, 75 అంటారు, 80 దాటిందంటారు. ఫుల్విక్ యాసిడ్ అంటే ఒకే ఒక్క అణువు కాదు, హ్యూమిక్ పదార్థాల్లో ఆమ్లంలోనూ క్షారంలోనూ కరిగే భాగం మొత్తానికి పెట్టిన పేరు. దాన్ని కొలిచే పద్ధతిని బట్టి సంఖ్య మారిపోతుంది. పాత పద్ధతుల్లో ఆమ్లం కలిపాక కరిగి మిగిలినదంతా ఫుల్విక్ లెక్కలోకి వస్తుంది, అందులో చక్కెరలుంటే అవీ వస్తాయి, అంటే బెల్లం మడ్డి కలిపినా శాతం తగ్గదు. ఎరువుల రంగంలో ఈ గొడవ ముదిరి 2014లో ప్రామాణిక పద్ధతి ఒకటి ప్రచురించారు, అది చక్కెరల్లాంటి వాటిని విడదీసి అసలు ఫుల్విక్ భాగాన్ని మాత్రమే లెక్కిస్తుంది. రైతు కొనే హ్యూమిక్ డబ్బాకు ఉన్నంత పట్టింపు మనిషి మింగే దానికీ ఉండాలి కదా. శాతం రాసిన డబ్బా మీద అది ఏ పద్ధతిలో కొలిచిందో కూడా రాయకపోతే ఆ సంఖ్యతో రెండు కంపెనీలను పోల్చడం కుదరదు.

ఫుల్విక్ యాసిడ్ కంటే శిలాజిత్తును గుర్తుపట్టడానికి మెరుగైన ఆనవాళ్లున్నాయి, డైబెంజో ఆల్ఫా పైరోన్లు అంటారు. వీటిలో రెండు ఇప్పుడు పోషకాహార పరిశోధనలో బాగా వినిపిస్తున్న యూరోలిథిన్‌లే, దానిమ్మ, వాల్‌నట్ తిన్నప్పుడు కొందరి పేగుల్లోని బాక్టీరియా తయారు చేసేవి. కణంలో శక్తిని తయారు చేసే మైటోకాండ్రియా మీద వీటి ప్రభావం గురించి పరిశోధనలు జరుగుతున్నాయి. శిలాజిత్తు "శక్తినిస్తుంది" అన్న పాత నమ్మకానికి శాస్త్రం వైపు నుంచి ఏదైనా ఆధారం గట్టిపడితే అది బహుశా ఈ దారిలోనే అనిపిస్తుంది. ఇవి ఎంత శాతం ఉన్నాయో రాసే డబ్బాలు మాత్రం చాలా తక్కువ.

మనుషుల మీద జరిగిన అధ్యయనాలు ఉన్నాయి, లేవనడం తప్పు. అవి ఎంతవరకు చెప్పాయో అంతవరకే తీసుకోవాలి. 2010లో ఆండ్రాలజియా పత్రికలో వచ్చినది ఎక్కువగా ప్రచారంలో ఉంది. వీర్యకణాలు తక్కువగా ఉన్న 35 మంది మగవాళ్లకు శుద్ధి చేసిన శిలాజిత్తు 100 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు 90 రోజులు ఇచ్చారు, 28 మంది చివరిదాకా ఉన్నారు, కణాల సంఖ్య, కదలిక మెరుగయ్యాయి, టెస్టోస్టెరాన్ సుమారు 23 శాతం పెరిగింది. అందులో పోలిక కోసం ప్లాసిబో, అంటే మందు లేని ఉత్తుత్తి మాత్ర, తీసుకున్న వర్గం లేదు. 2016లో అదే పత్రికలో వచ్చిన రెండోదానిలో ప్లాసిబో ఉంది, 45 నుంచి 55 ఏళ్ల ఆరోగ్యవంతులైన మగవాళ్లు, రోజుకు 500 మి.గ్రా., 90 రోజులు, టెస్టోస్టెరాన్ సుమారు 20 శాతం పెరుగుదల. ఈ 20 శాతం వినగానే ఎగిరి గంతేయక్కర్లేదు. మొదటినుంచీ మామూలు స్థాయిలో ఉన్నవాళ్లలో మామూలు పరిధిలోనే జరిగిన మార్పు అది. పైగా టెస్టోస్టెరాన్ పొద్దున ఎక్కువగా, సాయంత్రానికి తక్కువగా రోజూ మారుతూ ఉండే హార్మోన్. 2019లో అమెరికాలోని నెబ్రాస్కా యూనివర్సిటీ అధ్యయనంలో 63 మంది యువకులకు ఎనిమిది వారాలు ఇచ్చి, బాగా అలసిపోయేలా వ్యాయామం చేయించి బలం కొలిస్తే, 500 మి.గ్రా. తీసుకున్న వర్గంలో బలం పడిపోవడం కొంత తక్కువగా ఉంది, 250 మి.గ్రా. వల్ల తేడా కనిపించలేదు. కండలు పెరిగాయని అందులో ఎక్కడా లేదు, జిమ్ ప్రకటనల్లో మాత్రం అదే అధ్యయనం కండల ఫొటో పక్కన కనిపిస్తుంది.

వీటన్నిటికంటే ఎక్కువ చర్చ జరగాల్సినది హైదరాబాద్ నిమ్స్‌లో జరిగింది. 2022లో ఫైటోమెడిసిన్ పత్రికలో వచ్చింది. మెనోపాజ్ దాటి ఎముకల సాంద్రత తగ్గడం మొదలైన 60 మంది మహిళలకు 48 వారాలపాటు ప్లాసిబో గానీ, 250 మి.గ్రా. గానీ, 500 మి.గ్రా. గానీ ఇచ్చారు. ప్లాసిబో వర్గంలో ఎముక సాంద్రత తగ్గుతూ పోయింది, శిలాజిత్తు వర్గాల్లో నిలబడింది, ఎక్కువ మోతాదులో ఎక్కువగా. 60 మంది అంటే చిన్న సంఖ్యే, విరిగే ఎముకల సంఖ్య తగ్గుతుందో లేదో చెప్పడానికి అది సరిపోదు. అయినా దాదాపు ఏడాది నడిచిన, ప్లాసిబోతో పోల్చిన అధ్యయనం, అదీ ఆడవాళ్ల మీద. మధ్య ఆసియాలో ఈ పదార్థాన్ని ముమియో పేరుతో విరిగిన ఎముకలకు వాడే సంప్రదాయం చాలా పాతది కాబట్టి ఇది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. మార్కెట్ అంతా మగతనం చుట్టూ తిరుగుతుంటే, ఎముకల గురించి వచ్చిన ఈ ఫలితం ఎవరికీ పట్టకపోవడం బాధాకరం.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. ఈ అధ్యయనాల్లో వాడింది శుద్ధి చేసి, పాళ్లు ప్రామాణికం చేసి, లోహాలు పరీక్షించిన ఎక్స్‌ట్రాక్టును. చాలావరకు ఒకే కంపెనీ తయారు చేసిన పేటెంటు సరుకు, కొన్నిటికి నిధులు కూడా అక్కడి నుంచే. ఆ ఫలితాలను తీసుకొచ్చి, ఎక్కడి నుంచి వచ్చిందో, ఎలా వడగట్టారో తెలియని డబ్బా మీద అతికించడం న్యాయం కాదు. ఒక డబ్బాలోని నల్లటి జిగురు, ఇంకో డబ్బాలోని నల్లటి జిగురు ఒకటే అనుకోవడానికి ఆధారం లేదు.

"84 ఖనిజాలు" అన్న మాట ప్రతిచోటా కనిపిస్తుంది, దాని గురించి ఒక్కసారి లెక్క వేసి చూడండి. ప్రకృతిలో దొరికే మూలకాలు మొత్తం తొంభై పైచిలుకు. వాటిలో 84 ఉన్నాయంటే సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, పాదరసం, యురేనియం అన్నీ ఆ జాబితాలో ఉండాల్సిందే. సున్నితమైన యంత్రంతో వెతికితే తోటలో మట్టిలోనూ అన్ని మూలకాల జాడలు దొరుకుతాయి. పోనీ మంచి ఖనిజాలే అనుకుందాం. 500 మి.గ్రా. శిలాజిత్తులో ఐదో వంతు ఖనిజాలనుకున్నా 100 మి.గ్రా., అది అన్నిటికీ కలిపి. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సిన కాల్షియం ఒక్కటే 1000 మి.గ్రా. అని మన ఐసీఎంఆర్ లెక్క. ఖనిజాల కోసం శిలాజిత్తు తినడంలో అర్థం లేదు. మేలు ఏదైనా ఉంటే అది సేంద్రియ భాగం వల్ల ఉండాలి.

లోహాల ప్రమాదం మాత్రం అతి కొద్ది పరిమాణంలోనూ ఉంటుంది. ఫుల్విక్, హ్యూమిక్ ఆమ్లాలకు లోహాలను గట్టిగా పట్టుకుని నీళ్లలో కరిగించుకునే గుణం ఉంది. "ఖనిజాలను కణాల్లోకి మోసుకెళ్తుంది" అని ప్రకటనల్లో చెప్పేది ఈ గుణం గురించే. అదే గుణం సీసాన్నీ పట్టుకుంటుంది. కాబట్టి ముడి సరుకును నీళ్లలో కరిగించి గుడ్డలో వడగడితే ఇసుక, మట్టి కింద ఉండిపోతాయి గానీ, ఆమ్లాలతో ముడిపడి కరిగిన సీసం తేటతోపాటే దిగి వస్తుంది. శోధన ఎంత శ్రద్ధగా చేసినా ల్యాబ్ పరీక్ష అక్కర్లేకుండా పోదు. సుశ్రుతుడి జాబితాలో సీసపు శిలాజిత్తు కూడా ఉందంటే, రాతిని బట్టి సరుకు మారుతుందన్న గమనిక అప్పుడే ఉందన్నమాట. ఇప్పుడు దాన్ని కొలిచే యంత్రాలు కూడా ఉన్నాయి. ఎంత ఎత్తు నుంచి తెచ్చారన్న దానికీ దీనికీ సంబంధం లేదు, 18 వేల అడుగుల ఎత్తులో ఉన్న రాతిలోనూ సీసం ఉండొచ్చు.

మన దేశంలో ఆయుర్వేద మందులకు పెట్టిన హద్దులు ఇవి: సీసం 10 పీపీఎం (అంటే పది లక్షల పాళ్లలో పది పాళ్లు), ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3. మూలికా మందుల ఎగుమతులకు ఈ పరీక్షలు 2006 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. దీని వెనక కథ ఉంది. 2004లో అమెరికాలోని బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తుల్లో 14 వాటిలో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ దొరికాయని జామా అనే వైద్య పత్రికలో రావడంతో పెద్ద దుమారం రేగింది. 10 పీపీఎం అంటే 500 మి.గ్రా. మోతాదులో 5 మైక్రోగ్రాముల సీసం. బిడ్డను కనే వయసు ఆడవాళ్లకు తిండి ద్వారా రోజుకు 8.8 మైక్రోగ్రాములు దాటకూడదని అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెట్టుకున్న గీత, పిల్లలకు 2.2. అంటే హద్దు లోపల ఉన్న సరుకే అయినా, సరైన మోతాదులో వాడినా, రోజు వాటాలో సగానికి పైగా అక్కడే అయిపోతుంది. ఇక రెండు మూడు రెట్లు వేసుకుంటే గీత దాటినట్టే. జిగురు రూపంలో వచ్చే డబ్బాలతో ఇంకో ఇబ్బంది, "బఠాణీ గింజంత" అని రాస్తారు. అది ఒకరి చేతిలో 300 మి.గ్రా., ఇంకొకరి చేతిలో 800. సీసం శరీరంలో చేరితే ఎముకల్లో ఏళ్ల తరబడి దాక్కుంటుంది, గర్భం వచ్చినప్పుడు ఎముకల్లోంచి బయటికొచ్చి బిడ్డకు చేరుతుంది. ఇంతవరకు ఫరవాలేదు అని చెప్పగల సురక్షిత స్థాయి సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది.

ప్రకటనల విషయంలో మన చట్టం నిజానికి గట్టిదే. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం లైంగిక సామర్థ్యం పెంచుతుందని మందును ప్రచారం చేయడాన్ని నిషేధించింది. డయాబెటిస్ నయం చేస్తుందనే ప్రకటన కూడా అదే చట్టం కిందికి వస్తుంది. శిలాజిత్తు ప్రకటనలు సరిగ్గా ఈ రెండు మాటల మీదే నడుస్తున్నాయి, సూటిగా అనకుండా "స్టామినా", "మగవాళ్ల ఆరోగ్యం" అంటూ పక్కదారిన చెప్పడం అలవాటైపోయింది. ఇందులో మరో ప్రమాదం ఉంది. మూలికల పేరుతో అమ్మే లైంగిక సామర్థ్య ఉత్పత్తుల్లో సిల్డెనాఫిల్ లాంటి అల్లోపతి మందు రహస్యంగా కలిపినవి చాలా దేశాల్లో పట్టుబడ్డాయి. వేసుకున్న గంటలోనే "పనిచేసింది" అనిపించే శిలాజిత్తు క్యాప్సూల్‌ను అనుమానించాల్సిందే, అసలు శిలాజిత్తు అంత త్వరగా ఏమీ చేయదు. గుండెకు నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు తెలియకుండా సిల్డెనాఫిల్ మింగితే బీపీ ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోతుంది.

కొనేవాళ్లు అడగాల్సింది బ్యాచ్ నంబరుతో ఉన్న ల్యాబ్ రిపోర్టు. డబ్బా మీది బ్యాచ్, రిపోర్టులోని బ్యాచ్ ఒకటేనా చూడాలి, మూడేళ్ల కిందటి ఒకే రిపోర్టును వెబ్‌సైట్లో పెట్టుకుని అన్ని బ్యాచ్‌లకూ చూపించడం మామూలైపోయింది. నాలుగు లోహాలకూ విడివిడిగా అంకెలు ఉండాలి, "పాస్" అని ఒక్క మాట రాస్తే చాలదు. ఫంగస్ విషాలు, సూక్ష్మజీవుల పరీక్ష కూడా ఉంటే మంచిది. తయారీ లైసెన్సు ఆయుష్ కింద మందుగా తీసుకున్నారా, లేక ఫుడ్ లైసెన్సు మీద సప్లిమెంటుగా అమ్ముతున్నారా చూడాలి, రెండిటి నియమాలూ వేరు. జిగురు కంటే బరువు కొలిచి నింపిన క్యాప్సూల్ మోతాదు పరంగా నయం, ఫొటోలో అంత అందంగా కనిపించకపోయినా సరే.

ఇప్పటికే తెలియకుండా శిలాజిత్తు తీసుకుంటున్నవాళ్లూ ఉన్నారు. ఆయుర్వేద మాత్రలైన చంద్రప్రభా వటిలో ప్రధాన ద్రవ్యాల్లో ఇదొకటి, ఆరోగ్యవర్ధినిలోనూ ఉంది. వాటికి తోడు విడిగా డబ్బా కొనుక్కుంటే మోతాదు రెట్టింపవుతుంది. ఇందులో ఇనుము ఉంటుంది కాబట్టి తలసీమియా, హీమోక్రోమటోసిస్ లాంటి, శరీరంలో ఇనుము పేరుకునే జబ్బులున్నవాళ్లు దూరంగా ఉండాలి. షుగర్ మందులు వాడేవాళ్లకు చక్కెర మరీ పడిపోయే అవకాశం ఉంది, డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టొద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు సొంతంగా వాడకూడదు, సీసం లెక్క ఒక్కటి చాలు ఆ మాట చెప్పడానికి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకూ అదే మాట. పచ్చి సరుకును ఇప్పటికే నెలల తరబడి వాడి, విడవని కడుపునొప్పి, మలబద్ధకం, కారణం తెలియని రక్తహీనత, చేతుల్లో పట్టు తగ్గడం లాంటివి కనిపిస్తే రక్తంలో సీసం పరీక్ష చేయించుకోవాలి. మామూలు రక్త పరీక్షల్లో అది ఉండదు, విడిగా అడగాలి, డబ్బాను కూడా వెంట తీసుకెళ్లి డాక్టరుకు చూపించాలి.